పెద్దవాళ్ల చేతికి పని, చెవికి మాట

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



సెక్రటరీ గారు మా ఇంటికి వచ్చి "ఆపా, ఈసారి ముసలివాళ్ల ఆరోగ్యం మీద మీరు నాలుగు మాటలు చెప్పాలి" అన్నప్పుడు నేను మొదట ఒప్పుకోలేదు. నేను డాక్టరును కాను. ముప్ఫై ఏండ్ల పైన సర్కారు బడుల్లో తెలుగు చెప్పి రిటైరయిన టీచరును. బి.పి., షుగరు, మోకాళ్ల నొప్పుల గురించి చెప్పడానికి మన సంఘంలోనే డాక్టర్లు ఉన్నారు. ఏటేటా ఉచిత వైద్య శిబిరం పెడుతున్నారు, ఆ పుణ్యం వారిది. ఆ శిబిరంలో చీటీలు రాసే పని రెండేండ్లుగా నాది. అక్కడ చూసిన ఒక సంగతే నన్ను ఇవాళ ఈ మైకు ముందుకు తెచ్చింది.

పోయిన శిబిరంలో ఒక పెద్దావిడ వరుసలో నిలబడి వచ్చింది. బి.పి. చూశారు, బాగుంది. షుగరు చూశారు, ఫరవాలేదు. "ఇంకేమైనా ఇబ్బంది ఉందా అమ్మా?" అని చిన్న డాక్టరు గారు అడిగారు. "దిల్ నై లగ్‌రా బేటా" అంది. అంటే మనసు దేని మీదా పట్టడం లేదని. ఆ అబ్బాయి నా వైపు చూశాడు, నేను చీటీ వైపు చూశాను. బరువుకు గడి ఉంది, కళ్లకు గడి ఉంది, పళ్లకు గడి ఉంది. ఆ మాట రాయడానికి గడి లేదు. ఆ చీటీ దగ్గరుండి ప్రింటు చేయించింది నేనే. ఆవిడకు బలం గోళీలు ఇచ్చి పంపించాం.

ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ మాటను మా ఇంట్లో నేను చాలా ఏండ్ల కిందట విన్నాను. విని కూడా ఊరుకున్నాను.

మాది నల్గొండ జిల్లా. మా అబ్బాజాన్ 1996లో పోయారు. ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు గడిచాక అమ్మీని ఒక్కదాన్ని ఊళ్లో ఎందుకు ఉంచాలని భాయిజాన్, నేను మాట్లాడుకుని ఇక్కడ ఎస్.ఆర్. నగర్‌లో మా ఫ్లాటుకు తెచ్చుకున్నాం. అమ్మీకి అప్పుడు అరవై రెండో అరవై మూడో. ఊళ్లో మా ఇంట్లో చేత్తో తిప్పే కుట్టు మిషను ఉండేది. మా బజారులో ఆడవాళ్ల జాకెట్లు, పిల్లల లాగులు, గౌన్లు అన్నీ దాని మీదనే. రంజాను నెల వచ్చిందంటే కుర్తాలు, పైజమాలు కుప్పలు పడేవి. తరావీహ్ అయిన తర్వాత కూడా మిషను చప్పుడు వినబడేది. సామాను సర్దేటప్పుడు "ఇంక ఎవరి కోసం కుడతావు అమ్మీ, హాయిగా కూర్చో" అని నేనే ఆ మిషనును పాత సామాన్లవాడికి ఇచ్చేశాను. 150 రూపాయలు ఇచ్చాడు. అమ్మీ ఏమీ అనలేదు. వాడి బండి మలుపు తిరిగేదాకా గడపలో నిలబడింది.

ఇక్కడికి వచ్చాక మేము ఆమెను ఎంత బాగా చూసుకున్నామో చెబుతాను, వినండి. కిటికీ పక్కన మంచం వేశాం. ఎదురుగా టి.వి. పెట్టాం. గ్యాసు పొయ్యి అలవాటు లేదు, వంటింట్లోకి రావద్దన్నాం. కూరగాయలు తరుగుతానంటే కత్తిపీట తెగుతుంది వద్దన్నాం. బట్టలు మడతపెడతానంటే నడుము నొస్తుంది వద్దన్నాం. మా ఇంటికి వచ్చిన చుట్టాలందరూ "కూతురంటే ఇట్లా ఉండాలి" అని మెచ్చుకునేవారు. నాకు గర్వంగా ఉండేది.

ఆరు నెలలు కాకముందే అమ్మీ తిండి తగ్గింది. రాత్రి మూడు గంటలకు లేచి కూర్చునేది. చేతిలో తస్బీహ్ ఉండేది కాని పూస కదిలేది కాదు. ఏం కావాలని అడిగితే "దిల్ నై లగ్‌రా" అనేది. ఒకసారి మా బాబును, చనిపోయిన తన తమ్ముడి పేరు పెట్టి పిలిచింది. దగ్గరలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. "వయసు కదండీ" అని టానిక్కు రాసిచ్చారు. దమ్ చేయించాం, తావీజు కట్టించాం. దువా చేయించడం తప్పని నేను అనను, ఇప్పటికీ చేయిస్తాను. కాని దువా చేయించి అక్కడే ఆగిపోయాం. మా తప్పు అది.

చివరికి మా చుట్టాల్లో నర్సుగా పనిచేసే ఒకామె వచ్చి, అమ్మీని పది నిమిషాలు చూసి, "ఎర్రగడ్డకు తీసుకెళ్లండి" అంది. ఇంట్లో అందరూ నోళ్లు మూసుకున్నారు. మీకు చెప్పాల్సిన పని లేదు. ఈ ఊళ్లో ఎర్రగడ్డ అంటే ఒక ఊరి పేరు కాదు, తిట్టు. పిల్లలు కొట్లాడుకుంటే "నిన్ను ఎర్రగడ్డలో వేయాలి" అంటారు. బయటి ఊళ్లవాళ్లు అన్నారంటే సరే. రెండు స్టాపుల దూరంలో కాపురముండే మనం కూడా అదే అంటాం! ఆ దవాఖానా నిజాం రాజ్యంలో ఉండిన జాల్నా నుంచి 1953లో ఇక్కడికి వచ్చింది. 600 పడకలున్నాయి. ఇప్పుడు దాన్ని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ అంటున్నారు. పేరు మారింది గాని మన భయం మారలేదు. ఆ రోజు ఆటోవానికి "ఈ.ఎస్.ఐ. దవాఖానా దగ్గర ఆపు" అని చెప్పి, అక్కడ దిగి, అమ్మీని నడిపించుకుంటూ మిగతా దూరం పోయాం. ఆరోగ్యం బాగలేని మనిషిని ఎండలో నడిపించింది ఎందుకు? ఆటోవాడు ఏమనుకుంటాడోనని. వాడి పేరు కూడా మాకు తెలియదు.

ఓ.పి.లో ఉన్న డాక్టరమ్మ అమ్మీతో ఉర్దూలో చాలాసేపు మాట్లాడింది. తర్వాత నన్ను అడిగింది: "పొద్దున లేచిన దగ్గర నుంచి ఆమె ఏం చేస్తారు?" నేను గొప్పగా "ఏమీ చేయనివ్వం డాక్టరు గారూ, అన్నీ మేమే చూసుకుంటాం" అన్నాను. ఆమె నన్ను తిట్టలేదు. కొంచెంసేపు రాస్తున్న పెన్ను ఆపి, "అదే ఆమె జబ్బులో సగం" అంది.

డిప్రెషన్ అన్నారు. గోళీలు రాశారు, రక్తపరీక్షలు చేయించారు. పదిహేను రోజులకొకసారి తీసుకొచ్చి మాట్లాడించమన్నారు. దాంతోపాటు చేతికి ఏదైనా పని ఇవ్వమన్నారు. ఉత్తుత్తి పని కాదు, ఆమె చేయకపోతే ఆగిపోయే పని. ఆ ఆదివారమే ఎర్రగడ్డ సంతకు పోయి పాత చేతి మిషను ఒకటి వెదికి కొన్నాం. 150కి అమ్మినదాని లాంటిదే 600 పెట్టి తెచ్చాం.

సినిమాలో అయితే అమ్మీ ఆ మిషను చూసి కండ్ల నీళ్లు పెట్టుకుని వెంటనే కుట్టడం మొదలుపెట్టాలి. అట్లా ఏమీ జరగలేదు. గోళీలతో నిద్ర కుదుటపడటానికే మూడు నాలుగు వారాలు పట్టింది. మిషను మీద గుడ్డ కప్పి రెండు నెలలు మూలన పడి ఉంది. ఒక పొద్దున మా పాప స్కూలు గౌను కింది కుట్టు ఊడిపోయింది, బస్సు టైమవుతున్నది, నేను సూది కోసం వెదుకుతున్నాను. "ఇటివ్వు" అంది అమ్మీ. అంతే. తర్వాత పాత చీరెలు అడిగింది, బొంతలు కుట్టింది. పోయేలోపల మొత్తం 14 బొంతలు కుట్టింది. 2009లో పోయింది. అన్నీ బాగుపడ్డాయని నేను చెప్పను. నల్గొండ ఇల్లు తలుచుకుని జుమ్మా నాడు ఏడ్చేది, ఆ ఏడుపు చివరిదాకా పోలేదు. కాని ఏడ్చిన తర్వాత అన్నం తినేది. అది తేడా.

ఇంత ఇంటి గోల మీకెందుకు చెప్పానంటే, మనలో చాలామంది ఇండ్లల్లో ఇదే జరుగుతున్నది. పెద్దవాళ్లకు విశ్రాంతి ఇస్తున్నామనుకుని వాళ్ల చేతుల్లో నుంచి ఒక్కొక్క పనే లాక్కుంటున్నాం.

ఈ సంగతి పాతవాళ్లకు తెలుసు. యునానీ హకీములు ఆరోగ్యానికి ఆరు ముఖ్యమైనవి చెబుతారు, అస్బాబ్-ఎ-సిత్తా జరూరియా అంటారు. గాలి, తిండి, నీళ్లు, ఒంటి కదలిక, విశ్రాంతి, మనసు కదలిక, విశ్రాంతి, నిద్ర, మెలకువ, ఒంట్లో ఉండవలసినవి నిలవడం, పోవలసినవి పోవడం. ఇందులో నాలుగోది చూడండి. మనసుకు విశ్రాంతి అని ఊరుకోలేదు. కదలిక కూడా ఉండాలన్నారు, రెండూ కలిపి ఒక్కటిగా లెక్కపెట్టారు. చార్మినార్ దగ్గరి నిజామియా దవాఖానాలోనో, మన ఎర్రగడ్డలోనే ఉన్న యునానీ పరిశోధన సంస్థలోనో అడిగితే ఇంకా బాగా చెబుతారు. మనం మాత్రం ముసలివాళ్ల దగ్గరికి వచ్చేసరికి కదలికను కొట్టేసి విశ్రాంతిని మిగిల్చాం.

పదో శతాబ్దంలో బల్ఖ్ నగరంవాడు అబూ జైద్ అల్ బల్ఖీ అని ఒక పండితుడు, శరీరం గురించి మనసు గురించి కలిపి ఒక పుస్తకం రాశాడు. 934లో పోయాడాయన. ఆయన చెప్పిన ఒక మాట నాకు చాలా నచ్చింది. ఒంటికి ఆపద వస్తే అక్కరకు వస్తాయని మందులు ఇంట్లో దాచుకుంటాం గదా, అట్లాగే మనసుకు ఆపద వచ్చేలోపలే మంచి ఆలోచనలు కొన్ని పోగుచేసి పెట్టుకోవాలని. అలాగే టర్కీలో ఎదిర్నే అనే ఊళ్లో సుల్తాన్ రెండో బాయజీద్ 1488 నాటికి కట్టించిన దవాఖానా ఉంది. పదిహేడో శతాబ్దంలో దాన్ని చూసిన యాత్రికుడు ఎవ్లియా చెలెబీ, అక్కడ పదిమంది సంగీతగాళ్లు వారానికి మూడు రోజులు రోగుల కోసం వాయించేవారని రాశాడు. మధ్యలో నీటి ఫౌంటెన్, దాని చప్పుడు, పూల వాసన, ఇవన్నీ వైద్యంలో భాగమే. ఇప్పుడు దాన్ని మ్యూజియం చేశారు. మన పిల్లలు సంగీతంతో చికిత్స, బొమ్మలతో చికిత్స అని ఫోన్లలో చదివి ఇదేదో విలాయతు నుంచి కొత్తగా వచ్చిందనుకుంటున్నారు, అందుకని చెప్పాను.

సంగీతం విషయంలో మనలో రెండు అభిప్రాయాలున్నాయని నాకు తెలుసు. ఆ వాదంలోకి నేను దిగను, అది ఆలిముల పని. వద్దనుకున్నవాళ్లకు నాత్ ఉంది, ఖిరాత్ ఉంది, ఖత్తాతీ ఉంది, సూది దారం ఉంది, మొక్కలున్నాయి. మనసు కదలడానికి తోవ ఒక్కటే కాదు.

ఇప్పుడు మన పక్కనే ఉన్న పంజగుట్టకు వస్తాను. నిమ్స్ దవాఖానాలో మతిమరుపు జబ్బుతో, అంటే డిమెన్షియాతో వచ్చిన 648 మంది వివరాలను డాక్టర్ సువర్ణ అల్లాడి గారు, వారితోపాటు పనిచేసినవారు పరిశీలించి 2013లో న్యూరాలజీ అనే పత్రికలో అచ్చువేశారు. ప్రపంచమంతా దాని గురించి మాట్లాడుకున్నది. వాళ్లు చూసిందేమిటంటే, ఒకే భాష మాట్లాడేవారి కంటే రెండు భాషలు మాట్లాడేవారికి ఈ జబ్బు సగటున నాలుగున్నర ఏండ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివాళ్లలో కూడా ఈ తేడా కనిపించింది. అంటే ఇది బడి చదువు మహిమ కాదు. వేరే ఊళ్లలో చేసిన కొన్ని పరిశోధనల్లో ఇంత తేడా కనిపించలేదు, కాబట్టి దీన్ని రాతిమీది గీతలాగా నేను చెప్పను. కాని ఆలోచించండి: ఇంట్లో దక్కనీ, బజారులో తెలుగు, ఒక్క వాక్యంలోనే అటు నుంచి ఇటు గెంతడం, ఇది మన పెద్దవాళ్లకు పుట్టుకతో వచ్చిన కసరత్తు. మా అమ్మీ కూరగాయలామెతో తెలుగులో బేరమాడి, డబ్బులు ఉర్దూలో లెక్కపెట్టి, మళ్లీ తెలుగులో కొసరు అడిగేది.

మరి ఇప్పుడేం చేస్తున్నాం? మనవళ్లు ఇంగ్లీషు మీడియం. దాదీ మాట్లాడే దక్కనీ వాళ్లకు సగం అర్థం కాదు, నాన్నమ్మ తెలుగులో సామెత చెబితే నవ్వుతారు. వాళ్లు హెడ్‌ఫోను పెట్టుకుంటారు, ఈమె గోడ వైపు తిరుగుతుంది. భాష పోవడం సంస్కృతి సమస్య అని సభల్లో చెబుతుంటారు. నా మటుకు అది ఆ ముసలామె ఆరోగ్యం సమస్య కూడా. పిల్లలూ, మీకు చెబుతున్నాను. రోజూ పావుగంట నానీతో ఆమె భాషలో మాట్లాడండి. తప్పులు మాట్లాడండి, ఫరవాలేదు. మీ తప్పులు దిద్దడమే ఆమెకు పని.

పని అంటే కుట్టడం, తరగడం మాత్రమే కాదు. జింబాబ్వే దేశంలో హరారే అనే నగరం ఉంది. పెద్ద పెద్ద దవాఖానాలు కట్టే స్తోమత అంతగా లేని దేశం. మనసు డాక్టర్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది. అక్కడ డాక్టర్ డిక్సన్ చిబాండా 2006లో ఏం చేశారంటే, పేటలో ఉన్న 14 మంది అవ్వలను పిలిచి మాట్లాడించే పద్ధతి నేర్పించారు. క్లినిక్కు ఆవరణలో చెట్టు కింద ఒక బల్ల వేశారు. బాధతో వచ్చినవారు ఆ బల్ల మీద అవ్వ పక్కన కూర్చుని చెప్పుకుంటారు. అవ్వ వింటుంది, నీ కష్టాల్లో ముందు ఏదాన్ని పట్టుకుందాం అని అడుగుతుంది, ఒక్కటే తేల్చుకుని దాని మీద ఏం చేయాలో ఇద్దరూ అనుకుంటారు. డిప్రెషన్ అనే మాట వాడరు. 'ఎక్కువ ఆలోచించడం' అని తమ భాషలో ఒక మాట ఉంది, అదే వాడతారు. మనవాళ్లూ 'సోచ్ ఎక్కువైంది' అంటారు కదా, అదే. తర్వాత 24 క్లినిక్కుల్లో 573 మందితో పద్ధతిగా పరీక్ష చేసి చూశారు. బల్ల మీద కూర్చున్నవారికి మామూలు వైద్యం అందినవారికంటే బాధ చాలా తగ్గినట్టు 2016లో అచ్చయింది. ఇందులో నాకు నచ్చింది ఆ వైద్యం చేసేది అవ్వలే కావడం. ముసలివాళ్లంటే సేవ చేయించుకునేవాళ్లని మనం అనుకుంటాం. అక్కడ వాళ్లే సేవ చేశారు.

పాటల సంగతి చెప్పకపోతే మా తరం ఆడవాళ్లు నన్ను ఊరుకోరు. మన పెళ్లిళ్లలో ఢోలక్ కే గీత్ పాడేవారు. పసుపు రాసేనాడు, మెహందీనాడు నలుగురు పెద్దాడవాళ్లు కూర్చుంటే వరుసగా పాటలు వచ్చేవి, అత్తల మీద, ఆడబిడ్డల మీద, పెండ్లికొడుకు మీద వెక్కిరింపులు. ఒకామె ఢోలక్ కొడితే ఇంకొకామె చెంచాతో తాళం. అంతకు ముందు తరాల్లో తిరగలి తిప్పుతూ పాడే చక్కీనామాలు ఉండేవి, దక్కను సూఫీలు ఆడవాళ్ల నోట అల్లాహ్ నామం ఆడాలని వాటిని అల్లారంటారు. చేతికి పని, నోటికి పాట, పక్కన తోడు. మూడూ ఒక్కచోటే. ఇప్పుడు డి.జె. పెడుతున్నారు, ఆ చప్పుడుకు పెద్దవాళ్లు గుండె పట్టుకుని ఇంటికి పోతున్నారు.

అమెరికాలో డాక్టర్ జీన్ కోహెన్ అనే ఆయన 2001లో మొదలుపెట్టి, వాషింగ్టన్ ప్రాంతంలో 65 ఏండ్లు పైబడిన 160 మందికి పైగా పెద్దవాళ్లను చూశారు. కొందరు వారం వారం కూడి బృందంగా పాట నేర్చుకున్నారు, కొందరు ఎప్పటిలాగే ఉన్నారు. ఏడాది తర్వాత చూస్తే పాడినవాళ్లు డాక్టరు దగ్గరికి తక్కువసార్లు పోయారు, మందులు తక్కువ వాడారు, కిందపడటం కూడా తగ్గింది. వాళ్లు మొదటి నుంచి తిరగగలిగినవాళ్లే, అది కూడా చెప్పాలి. పడకలో ఉన్నవారికి పాట వల్ల కాళ్లు వస్తాయని ఎవరూ అనలేదు.

మగవాళ్ల సంగతి వేరు, కష్టం కూడా. సనత్‌నగర్ ఫ్యాక్టరీల్లో ముప్ఫై ఏండ్లు షిఫ్టులు చేసి రిటైరయినవాళ్లు మనలో ఎంతమంది! సైరను వింటే ఇప్పటికీ చెప్పుల కోసం చూస్తారు. నమాజుకు నమాజుకు మధ్య పొద్దుపోదు. వాళ్లను కూర్చోబెట్టి రంగులు పూయమంటే పూయరు, పరువు తక్కువ అనుకుంటారు. వాళ్ల దగ్గర ఉన్నది జ్ఞాపకం. చెప్పిందే చెబుతున్నాడని ఇంట్లో విసుక్కుంటాం. 1963లో రాబర్ట్ బట్లర్ అనే అమెరికా డాక్టరు రాసేదాకా వైద్యులు కూడా అదే అనుకునేవారు, పాతవి తవ్వుకోవడం మతి తప్పడానికి గుర్తని. కాదు, ముసలితనంలో మనిషి చేయవలసిన పనే అది, బతికిన బతుకును లెక్క చూసుకోవడం అన్నారాయన. దాని మీదనే తర్వాత జ్ఞాపకాల చికిత్స వచ్చింది. పాత ఫోటో, పాత రేషను కార్డు, ఇత్తడి ఉగాల్‌దాన్, ఏదో ఒకటి చేతిలో పెట్టి అడుగుతారు, వింటారు. ఇక్కడ ఒక జాగ్రత్త. బాగా వయసు మళ్లినవారిలో కొందరికి 1948 నాటి జ్ఞాపకాలున్నాయి. మా మామగారు పెండ్లిళ్ల గురించి, ఎడ్లబండ్ల గురించి గంటలు చెప్పేవారు. ఆ ఏడు దగ్గరికి వచ్చేసరికి లేచి వజూకు పోయేవారు. అట్లాంటి తలుపును మనం తోయకూడదు. వారే తీస్తే పక్కన కూర్చోవాలి, అంతే.

మతిమరుపు మొదలయినవారికి కూడా గుంపుగా చేసే పద్ధతి ఒకటి ఉంది. ఇంగ్లండులో 2003లో దాని ఫలితాలు అచ్చయ్యాయి. వారానికి రెండుసార్లు, ఏడు వారాలు, మొత్తం 14 కూటాలు. తిండి గురించి, చిన్ననాటి గురించి, చప్పుళ్ల గురించి, డబ్బు లెక్కల గురించి ఆటల్లా మాట్లాడిస్తారు. చెన్నైలో స్కార్ఫ్ అనే సంస్థవారు దాన్ని తమిళంలోకి, మన పద్ధతులకు మార్చి చేశారు. తెలుగులో, దక్కనీలో చేయడానికి మనకు అడ్డం ఏముంది?

అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి. పాట, కుట్టు, ముచ్చట మందుకు బదులు కాదు. మా అమ్మీకి గోళీలు లేకపోతే ఆ మిషను గుడ్డ కిందనే ఉండేది. పెద్దవాళ్లు రెండు వారాలకు పైగా దిగులుగా ఉంటే, తిండి నిద్ర తప్పితే, నేనెందుకు బతకాలి అన్నట్టు మాట్లాడితే, డాక్టరుకు చూపించండి. థైరాయిడ్ తక్కువైనా, బి12 తక్కువైనా మతిమరుపు, నీరసం వస్తాయి, రక్తపరీక్షలో తెలుస్తుంది. డిప్రెషన్ కూడా మతిమరుపులా కనిపించవచ్చు, మా అమ్మీది అదే. చెవులు చూపించండి. వినబడనివారిని మనం మతిలేనివారని అనుకుంటాం. వినికిడి తగ్గడం కూడా డిమెన్షియాకు ఒక కారణమని 2024లో లాన్సెట్ కమిషన్ మళ్లీ చెప్పింది. చెవి మిషను పెట్టుకుంటే ముసలితనం బయటపడుతుందని మా ఆయన వాదించేవారు. "నేను మూడుసార్లు అరిస్తే పక్కింటికి కూడా బయటపడుతున్నది" అన్నాను, అప్పుడు పెట్టుకున్నారు.

దవాఖానాకు పోవడానికి మొహమాటమైతే 14416కు ఫోను చేయండి. టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబరులో ప్రభుత్వం పెట్టింది, డబ్బు లేదు, రాత్రయినా పగలయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. ముసలివాళ్ల ఇతర ఇబ్బందులకు 14567 ఉంది. ఈ రెండు నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి హాలు గుమ్మం దగ్గర అంటించమని కోరుతున్నాను.

ఇంక నేను అసలు అడగడానికి వచ్చినది అడుగుతాను. మన హాలు నికాహ్‌లకు, వలీమాలకు, ఇట్లాంటి సభలకు తెరుస్తాం, మిగతా రోజులు తాళం. వారానికి రెండు రోజులు, మంగళ గురువారాలు, అసర్ నుంచి మగ్రిబ్ దాకా పెద్దవాళ్ల కోసం తెరవాలి. పై హాలు వద్దు, 22 మెట్లున్నాయి, నేను ఎక్కేసరికే ఆయాసం వచ్చింది. కింద డేగ్‌లు, షామియానాలు పెట్టే గది ఖాళీ చేస్తే చాలు. డేగ్‌లు వెనక షెడ్డులో పెట్టవచ్చునని వాచ్‌మన్‌ను అడిగి తెలుసుకున్నాను. చేతులున్న కుర్చీలు కావాలి, లేవడానికి పట్టు ఉంటుంది. పక్కన నీళ్ల గది నేల జారకుండా చేయాలి. ఇవి రెండే ఖర్చులు. చక్కెర లేని చాయ్ నేను చూసుకుంటాను.

ఉపన్యాసాలు వద్దు, నాది కూడా. వచ్చినవాళ్లకు ఏది వస్తే అది. బొంతలు కుట్టేవాళ్లకు గుడ్డముక్కలు, ఖత్తాతీ తెలిసిన పెద్దాయన ఒకరు మన బజారులోనే ఉన్నారు, ఆయనకు కలాలు, సిరా. రేడియో బాగుచేయడం తెలిసినవారు ఒకరున్నారు, ఆయనకు పాత రేడియోలు మీ అటకల మీద నుంచి దింపి ఇవ్వండి. బడి పిల్లలు ఇద్దరు ముగ్గురు వచ్చి వాళ్లు చెప్పేవి నోటు పుస్తకంలో రాసుకోవాలి. నెలకొకసారి మనసు వైద్యం చదువుకున్నవారు ఎవరైనా వచ్చి కూర్చుంటే చాలు, ఎవరికి దవాఖానా అవసరమో వారు గుర్తుపడతారు. ఫోటోలు తీయరాదు. అక్కడ ఎవరైనా ఏడిస్తే ఆ సంగతి గేటు దాటరాదు. తీసుకొచ్చి దింపి మళ్లీ తీసుకుపోయే బాధ్యత కొడుకులది, అల్లుళ్లది. మెట్రో వచ్చిన తర్వాత మన రోడ్డు దాటడం ముసలివాళ్ల వల్ల కావడం లేదు, మీరే చూస్తున్నారు.

కార్యవర్గంలో కొందరు "ఎవరు వస్తారండీ" అన్నారు. ఆ శిబిరంలో "దిల్ నై లగ్‌రా" అన్న పెద్దావిడ ఇల్లు వెదికి పోయిన వారమే పోయాను. మొదట తలుపు తీయలేదు. నేను సంఘం చందాకు వచ్చాననుకున్నది. తర్వాత కూర్చోబెట్టి, పెండ్లికి ముందు తాను ఢోలక్ కొట్టేదాన్నని చెప్పింది, కోడలికి కూడా ఆ సంగతి తెలియదట. వస్తానని అన్నది. రెండో పేరు నాది. పేర్లు రాసే పుస్తకం గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టాను, పెన్ను దారంతో కట్టి ఉంది. వచ్చే ఏడు శిబిరం చీటీలో ఒక గడి ఎక్కువ ప్రింటు చేయించమని సెక్రటరీ గారికి ఇప్పుడే అందరి ముందు చెబుతున్నాను.

ఢోలక్ మా ఇంట్లో ఒకటి ఉంది, అమ్మీది. ఒక పక్క తోలు పగిలింది. బాగుచేసేవాడు ఎవరైనా తెలిస్తే సభ అయిపోయిన తర్వాత నాకు చెప్పండి.